ధవళేశ్వరం కుందేళ్ళు

కోరుకొండ,
9-9-1998

లోవలక్ష్మికి వదిన అచ్చాయమ్మ రాయడం ఏమంటే,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. అందరం అంటే మనుషులం. కుందేళ్ళ సంగతి రాయడానికే ఈ ఇన్‌లాండు కవరు తెప్పించాను. ఫోను చేసెయ్యమన్నారు మీ అన్నయ్యగారు. బూత్‌లో ఆ ఎర్ర అంకెలు పరిగెడుతుంటే నాకు చెప్పాల్సిన మాట గొంతులోనే ఉండిపోతుంది. అందుకని రాస్తున్నాను. నా చదువు ఐదో తరగతితో ఆపేశారు కాబట్టి తప్పులుంటే సర్దుకుని చదువుకో.

మా పోతు కుందేలు మే నెల ఎండల్లో పోయింది. తడి గోనె కప్పాను, పక్కన నీళ్ళకుండ పెట్టాను, విసనకర్రతో విసిరాను. మధ్యాహ్నం రెండు మెతుకులు తినడానికి లేచాను, అంతే. అప్పుడు నీకు రాయలేదు. కుందేలు పోయిందని కార్డు రాస్తే పోస్టుమేన్ చదివి ఊరంతా చెబుతాడు. ఇప్పుడు నా దగ్గర పెంటి ఒక్కతే ఉంది, పాపాయి. దానికి మూడో ఏడు. నిరుడు ఈనింది గానీ ఐదు పిల్లలకీ చీమలు పట్టాయి.

మా నాన్న ధవళేశ్వరంలో దొరగారి బంగళాకి తోటమాలిగా ఉండగా, దొరసాని ఓడెక్కి వెళ్ళిపోతూ ఆయన చేతిలో పెట్టిన కుందేళ్ళ సంతానం ఇది. నా పెళ్ళికి ఒక జత నాకిచ్చి, ఒక జత తమ్ముడి దగ్గర ఉంచాడు. ఇదంతా నీకు మీ ఆయన వందసార్లు చెప్పే ఉంటాడు. మన రెండిళ్ళల్లో తప్ప ఇవి ఇంకెక్కడా లేవు. పశువుల డాక్టరుగారు కూడా ఇలాంటిది పుస్తకంలో బొమ్మ చూడ్డమే గానీ ప్రాణంతో చూడలేదన్నారు. వీపు మీద ఊదితే బొచ్చు పువ్వులా విడిపోయి, అడుగున నీలం, మధ్యలో తెలుపు, కొసన నలుపు, మూడు వలయాలు కనబడాలి. నాన్న పిల్లపిల్లనీ ఊది చూసి, మూడూ ఉన్నవాటినే ఉంచుకుని మిగతావి పంచేసేవాడు.

మా వీధి చివర బుల్లబ్బాయి తెల్ల కుందేళ్ళ ఫారం పెట్టాడు. వాటి కళ్ళు జ్వరం వచ్చినట్టు ఎర్రగా ఉంటాయి. "ఏదైతే ఏంటి పిన్నిగారూ, చెవులు పొడుగేగా, మా పోతుని తీసుకెళ్ళండి" అంటున్నాడు. దాంతో కలిపితే పుట్టేవి కుందేళ్ళే. నాన్నవి మాత్రం కావు. ఈ సంతానం నా చేతుల్లో ఆఖరైపోతుందేమోనని రాత్రిళ్ళు లేచి గూడు చూసొస్తున్నాను.

మీ దొరబాబు ఉన్నాడు కదా. వరస చూసుకున్నాను. తమ్ముడింటి పిల్లాడు, అక్కింటి పిల్ల. మేనరికమే, పేచీ లేదు. కాబట్టి దొరబాబుని మా ఇంటికి పంపించండి. పెళ్ళి ఆడపిల్లవారింట్లో జరగడం పద్ధతి. నేను మీ ఇంటికి ఎందుకు రానో నీకు తెలుసు. పిలిస్తే వచ్చేదాన్ని. ఆ సంగతి ఎత్తను.

చోటు అయిపోయింది, కవరు అంచు మీద రాస్తున్నాను. పిల్లాడికి మీరే దిష్టి తీసి పంపండి, మా ఇల్లు అచ్చిరాదేమో. పదేళ్ళ కిందట మా కొండ మీది స్వామి తీర్థం నాడు దర్శనం చేసుకుని దిగి వచ్చేసరికి పాపాయి అమ్మమ్మకి నొసట ఎర్రగా గాయం, పిల్లి గీరింది. పసుపు అద్దాను. దానికి తోడు విరేచనాలు. అప్పట్నించీ ఇంటికి తాళం వేసి వెళ్ళడం మానేశాను.

అచ్చాయమ్మ


నిడదవోలు,
20-9-1998

వదినగారండీ,

మీ ఉత్తరం అందిందండి. అంచుల మీద కూడా రాశారు కాబట్టి చించేటప్పుడు ఒక ముక్క ఊడి ఎక్కడో పడిపోయింది. అందులో భయమే ఉండి ఉంటుందనుకుని వెతకలేదు.

మీ తమ్ముడుగారికి చదివి వినిపించాను. చివరిదాకా విని ఊఁ అన్నారు. పోతుని పంపమంటారా అని అడిగితే, "పంపితే పంపు, ఏమవుతుందో అక్కకే తెలుసు" అని పేపరు అడ్డం పెట్టుకున్నారు. మీ ఇంటివాళ్ళ మాటలు నాకు ముప్పై ఏళ్ళ నుంచీ సగమే అర్థమవుతున్నాయి.

మా పెంటి కిందటి కార్తీకంలో పోయింది. నేనూ మీకు రాయలేదు. కాబట్టి ఇక్కడా దొరబాబు ఒక్కడే. వాడికి మూడేళ్ళండి. మంచి ఆరోగ్యం, నెమ్మదస్తుడు. అవిసాకు ఇష్టం. తడి ఆకు పెట్టొద్దు, పొట్ట ఉబ్బుతుంది. మగపిల్లాడిని గంపలో పెట్టి పంపడం మా పుట్టింటి వైపు లేదు గానీ, ఆడపడుచు అడిగారు కాబట్టి పంపుతున్నాను. మా వీధి అమ్మిరాజు సీజన్ టిక్కెట్టు మీద రోజూ రాజమండ్రి బట్టల కొట్టుకి వెళ్తాడు. దసరా హడావుడి తగ్గాక తెచ్చి ఇస్తాడు.

పిలిస్తే వచ్చేదాన్నని రాశారు. ఆ సంగతి ఎత్తనని కూడా రాశారు. నేనూ ఎత్తను. పిలిచినవాళ్ళకి పిలిచిన సంగతి తెలుసు.

లోవలక్ష్మి


కోరుకొండ,
14-10-1998

లోవలక్ష్మికి,

దొరబాబు క్షేమంగా చేరాడు. అమ్మిరాజు మంచివాడు, గంప ఒళ్ళో పెట్టుకునే వచ్చాడట. గూటికి మామిడాకులు కట్టాను. పాపాయికి నొసట బొట్టు పెట్టి, ఊది చూసుకున్నాను. దొరబాబుని కూడా ఊదాను. మూడు వలయాలూ ఉన్నాయి. నాన్న గుర్తొచ్చాడు.

ఇక్కడ అంతా బాగానే జరుగుతోంది.

మీ వాడి చెవులు రెండూ మొదట్నించీ సమానంగానే ఉన్నాయా అని మీ అన్నయ్యగారు అడగమన్నారు. ఊరికే.

అచ్చాయమ్మ


నిడదవోలు,
21-10-1998

వదినగారండీ,

ఇక్కడ నుంచి బయల్దేరినప్పుడు సమానంగానే ఉన్నాయి. ఏది తగ్గింది, ఎంత తగ్గింది.

లోవలక్ష్మి


కోరుకొండ,
28-10-1998

లోవలక్ష్మికి,

కుడిది. చిటికెనవేలి గోరంత. ఎక్కువ కాదు. వెంటనే పసుపు అద్దాను.

జరిగింది జరిగినట్టు రాస్తాను. వాడిని పాపాయి గూట్లోకి దింపగానే ఒక మూల కూర్చున్నాడు, కొత్త అల్లుడు కూర్చున్నట్టే. పాపాయి కాసేపు చూసింది. వెనక కాళ్ళతో చెక్క మీద టపటపా కొట్టింది. సిగ్గు అనుకున్నాను. తర్వాత వాడి మీదకి దూకింది. బొచ్చు ఎంత లేచిందంటే ఇంకా మా దండెం మీద బట్టలకి అంటుకునే ఉంది. తీసేసి, తెల్లారి మళ్ళీ దింపాను. చెవి ఆ రోజు పోయింది. మూడో రోజు మంగళవారమని దింపలేదు. నాలుగో రోజు దింపితే వాడు నా చీర కుచ్చిళ్ళలో దూరాడు, ఎంత లాగినా రాలేదు. బుల్లబ్బాయి గోడ మీంచి చూసి "మీ వియ్యాలవారు కేసు పెడతారు పిన్నిగారూ" అన్నాడు. నాకు ఆ మాటకి అన్నం సయించలేదు. కుందేలు చెవికి కేసు ఉంటుందా. తమ్ముణ్ణి అడిగి రాయి.

డాక్టరుగారు చెవి చూస్తూ పళ్ళూ గోళ్ళూ కూడా చూశారు. ఈ పోతుకి ఐదేళ్ళు దాటాయన్నారు. నువ్వు మూడని రాశావు. సంబంధాలు మాట్లాడుకునేటప్పుడు ఇది మామూలే కాబట్టి నేనేమీ అనను. కానీ పాపాయికి కూడా నాలుగో ఏడు వస్తే ఇక కష్టమని చెప్పారు. అంటే ఈ చలికాలమే. ఎండలు వస్తే పోతులు పనికిరావు, వచ్చే చలికాలానికి పాపాయి పనికిరాదు. ఇదే ఆఖరు.

దొరబాబుని అమ్మిరాజుతో తిరిగి పంపుతున్నాను. ఇక్కడుంటే బతకడు. నేను ఏం తప్పు చేశానో తమ్ముణ్ణి అడుగు.

అచ్చాయమ్మ


నిడదవోలు,
6-11-1998

వదినగారండీ,

దొరబాబు వచ్చాడు. గంప మూత తీస్తే రెండు రోజులు బయటికి రాలేదు. కేసు పెట్టడం లేదు.

మీ ఉత్తరం మీ తమ్ముడుగారికి చదివాను. ఈసారి పేపరు మడిచి పక్కన పెట్టారు. పెంటికి తన గూడంటే పట్టింపు, తన గూట్లోకి ఎవరు వచ్చినా కరుస్తుంది, పెంటినే పోతు గూటికి తీసుకెళ్ళాలి, ఎప్పుడూ అంతే అన్నారు. ఇది మామయ్యగారి మాటటండి. ముందే చెప్పొచ్చుగా, పిల్లాడి చెవి దక్కేది అన్నాను.

దానికి ఆయన ఏమన్నారో అన్నది అన్నట్టే రాస్తున్నాను. "ధవళేశ్వరంలో పెంటిని ఒళ్ళో పెట్టుకుని పోతు గూటి దగ్గరకి మోసింది అక్కే. నాకప్పుడు నిక్కరు కూడా లేదు. ఆవిడకి తెలియకపోవడం ఏంటి."

పెళ్ళైన దగ్గర్నుంచీ ఆయన ఒక్కసారిగా ఇన్ని మాటలు మాట్లాడగా నేను వినలేదు. మీకు నిజంగా తెలియదాండీ, తెలుసా.

లోవలక్ష్మి


కోరుకొండ,
13-11-1998

లోవలక్ష్మికి,

తెలుసు.

ఈ ఒక్క మాట రాసి కవరు మూసేద్దామనుకున్నాను. చోటు మిగిలిపోతోంది కాబట్టి రాస్తున్నాను.

పెంటిని తీసుకెళ్ళాలంటే నేను మీ ఇంటికి రావాలి. పాపాయి నా చేతిలో తప్ప ఉండదు, అమ్మిరాజుని కూడా కరుస్తుంది. మీ కొత్త ఇంటి గృహప్రవేశానికి నాకు పోస్టులో కార్డు వచ్చింది. మూలలకి పసుపు రాసి ఉంది, పేరు కూడా సరిగ్గానే రాశారు. కానీ నేను ఆ ఇంటి ఆడపడుచుని. కార్డు అందరికీ వస్తుంది. ఆడపడుచుని ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలుస్తారు. బొట్టు పెట్టి పిలవని గడప తొక్కనని ఆ రోజు మినప్పప్పు రుబ్బుతూ అన్నాను. మీ అన్నయ్యగారు విన్నారు. పదేళ్ళయింది. ఇప్పుడు కుందేలు కోసం బయల్దేరితే ఆయన ఏమీ అనరు, ఒకసారి నా వైపు చూస్తారు. అది చాలు నాకు.

పైగా వంతెన ఒకటి. రైలు దాని మధ్యలో ఆగిపోతే కిందంతా గోదారే. మనిషినైతే సర్ది చెప్పొచ్చు, పాపాయికి ఏం చెబుతాం.

ఒక ఆలోచన వచ్చింది. మీరు దొరబాబుని గూటితో సహా వంతెనకి ఇవతల ఉన్న గోదావరి స్టేషనుకి తీసుకొస్తే, నేను పాపాయిని తీసుకొస్తాను. ప్లాట్‌ఫారం మీద బల్ల ఉంటుంది. అక్కడైతే నేను ఎవరి గడపా తొక్కినట్టు కాదు. స్టేషను మాస్టరు ఒప్పుకుంటాడో లేదో కనుక్కో.

అచ్చాయమ్మ


నిడదవోలు,
21-11-1998

వదినగారండీ,

స్టేషను మాస్టరుని కనుక్కోలేదు. కుందేళ్ళ పెళ్ళికి బల్ల కావాలని అడిగే వయసు కాదు నాది.

ఈ ఉత్తరం మీ తమ్ముడుగారికి చదవకుండా రాస్తున్నాను. బొట్టు పెట్టి పిలవలేదని రాశారు. ఎత్తకూడదనుకున్నాను గానీ మీరే ఎత్తారు.

పిలిచానండి. కార్డులు పోస్టు చేసిన మూడో రోజు కుంకుమ భరిణె పట్టుకుని నిడదవోలు నుంచి మీ ఇంటికి ఒక్కదాన్నే వచ్చాను. రాజమండ్రిలో బస్సు మారాను. అది మీ తీర్థం రోజని బస్సులో జనాన్ని చూసేదాకా నాకు తట్టలేదు. మీ ఇంటికి తాళం. అటూ ఇటూ అన్ని ఇళ్ళకీ తాళం. వీధి వీధంతా కొండ మీదే ఉంది. మీ అరుగు మీద రెండు గంటలు కూర్చున్నాను. కొండ ఎక్కి వెతుకుదామంటే అప్పటికే నాకు మోకాళ్ళు. సాయంత్రం బండి తప్పితే ఇంట్లో ఆయన కంగారుపడతారు. చెప్పి వెళ్ళడానికి వీధిలో ఒక్క ప్రాణి లేదు, అరుగు మీద గూట్లో మీ కుందేలు తప్ప. భరిణె తెరిచాక బొట్టు పెట్టకుండా మూయకూడదని మా అమ్మ అనేది.

అందుకని కుందేలుకి పెట్టాను. నొసట, గుండ్రంగా, బాగానే కుదిరింది. మా ఇంటి గృహప్రవేశానికి అందరూ రావాలని పైకే చెప్పాను. గూటి కమ్మీలకి ఆనించి రెండు తమలపాకులు, అరటిపండు పెట్టాను. తాళం వేసిన ఇంటి ముందు కుందేలుకి బొట్టు కనబడితే ఎవరో వచ్చారని తెలీదా, తాంబూలం చూస్తే ఎందుకు వచ్చారో తెలీదా అనుకున్నాను. గృహప్రవేశం రోజు మీకోసం పాలు పొంగించడం అరగంట ఆపాం. రాలేదు. చూసి కూడా రాలేదు, అంత గొప్పవాళ్ళు అనుకున్నాను. పదేళ్ళూ అదే అనుకున్నాను.

మొన్న అటక మీద పాత పేపర్ల కట్ట దులుపుతుంటే, మీ మొదటి ఉత్తరం నుంచి ఊడిన ముక్క దొరికింది. నొసట ఎర్రగా గాయం అని ఉంది. పసుపు అద్దానని ఉంది. అటక నిచ్చెన మీదే కూర్చున్నాను. నవ్వానో ఏడ్చానో నాకు తెలియదండి. ఆయన కింద నుంచి ఏమైందని అడిగితే దుమ్ము అన్నాను.

ఈ కవర్లో చిన్న పొట్లం పెట్టాను. కుంకుమ. ముందు మీరు పెట్టుకోండి. మిగిలింది పాపాయికి.

లోవలక్ష్మి


కోరుకొండ,
28-11-1998

లోవలక్ష్మికి,

కుంకుమ అందింది. పెట్టుకున్నాను. పాపాయికి కూడా పెట్టాను. అది కాలితో తుడుచుకుంది, మళ్ళీ పెట్టాను.

నువ్వు పెట్టిన బొట్టుని నేను కొంగు తడిపి తుడిచేశాను అన్న ముక్క రాయడానికి మూడు కాగితాలు పాడుచేశాను. ఇది నాలుగోది. తుడుస్తుంటే రక్తం ఆగడం లేదని కూడా అనుకున్నాను. ఎంత తుడిచినా కొంగుకి ఎరుపు వస్తూనే ఉంది. అది నీ చెయ్యి అని నాకు తట్టలేదు. భయపడేదానికి ఎర్రగా ఏం కనబడ్డా గాయంలాగే కనబడుతుంది.

ఆకులూ పండూ కనబడలేదు. ఆ విరేచనాలు ఎందుకో ఇప్పుడు తెలిసింది.

మీ అన్నయ్యగారికి నీ ఉత్తరం చదివి వినిపించాను. ఆయన చూస్తారేమోనని తల ఎత్తలేదు. చివరికి ఎత్తితే ఆయనే రైళ్ళ టైములు చూస్తున్నారు.

ధనుర్మాసం వస్తే ముహూర్తాలు ఉండవు కాబట్టి ఆరో తేదీ ఆదివారం వస్తాను. వంతెన మీద పాపాయి కళ్ళు మూస్తాను. నా కళ్ళు మూయడానికి ఇంకో చెయ్యి ఉండదు, అదే ఆలోచిస్తున్నాను. పదకొండు గంటల పాసింజరు. తమ్ముణ్ణి స్టేషనుకి రమ్మని నేను అడగను.

అచ్చాయమ్మ


నిడదవోలు,
11-12-1998

వదినగారండీ,

మీరు క్షేమంగా చేరారని అమ్మిరాజు చెప్పాడు. వంతెన దాటాక కిటికీలోంచి వెనక్కి చూసి దండం పెట్టారట.

మీ తమ్ముడుగారు ఆ రోజు స్టేషనుకి ఏడింటికే వెళ్ళారు. పేపరు కొనుక్కోవడానికి అన్నారు. మీరు గడప దగ్గర కుడికాలా ఎడమకాలా అని నిలబడిపోతే, మీ వెనక పాలవాడూ వాడి వెనక సైకిలూ ఆగిపోయాయి. ఏ కాలు పెట్టారో నేను చూడలేదు. ఆయన చూశారట, చెప్పడం లేదు.

పాపాయి పని మాత్రం ఆయన కాఫీ గ్లాసు ఖాళీ అయ్యేలోపే అయిపోయింది. ఇంత చిన్న పనికి పదేళ్ళు పట్టింది. దొరబాబు పక్కకి ఒరిగి పడిపోగానే మీరు పోయాడని శోకాలు పెట్టారు. వాడికి అది మామూలేనని మీ తమ్ముడుగారు చెప్పినా వినలేదు. మా వీధిలో ముగ్గురు పలకరించడానికి వచ్చారు. ఎవరు పోయారని అడిగితే ఏం చెప్పాలో తెలియక కాఫీ ఇచ్చాను.

ముప్పై ఒకటో రోజు లెక్కపెట్టుకోండి. గూట్లో చెక్కపెట్టె, కొబ్బరిపీచు. పొట్ట బొచ్చు తనే పీక్కుని పరుస్తుంది, జబ్బు అనుకోవద్దని మరీ మరీ రాయమన్నారు. గూటి కాళ్ళు నీళ్ళ పళ్ళాల్లో పెట్టమన్నారు, చీమలకి. పిల్లల్ని గంటగంటకీ చూడొద్దన్నారు. ఇది మాత్రం మీ వల్ల కాదని కూడా ఆయనే అన్నారు.

లోవలక్ష్మి


నిడదవోలు,
30-1-1999

వదినగారండీ,

పిల్లలు పుట్టాయని మీరు రాసిన ఏడు ఉత్తరాలూ అందాయి. ఆరింట్లో రెండు పోయి నాలుగు నిలిచాయన్నది తెలిసింది. కళ్ళు తెరిచాయన్నదీ తెలిసింది. మీ తమ్ముడుగారు ఏడూ వరసలో పెట్టుకుని చదువుకుంటున్నారు, ఇప్పుడు నన్ను చదవమనడం లేదు.

మన దొరబాబు శుక్రవారం పొద్దున పోయాడు. నెమ్మదిగానే పోయాడు. వాడికి ఐదేళ్ళు కాదండి, ఏడు. ఇప్పుడు చెప్పడానికి ఇబ్బంది లేదు.

గూడు కడిగి ఎండలో పెట్టాను. ఆయన లోపలికి తెచ్చి మళ్ళీ అదే చోట పెట్టారు. రోజూ పొద్దున అందులో నీళ్ళగిన్నె మారుస్తున్నారు.

లోవలక్ష్మి


కోరుకొండ,
20-2-1999

లోవలక్ష్మికి,

దొరబాబు పోయిన సంగతి పాపాయికి చెప్పలేదు. పిల్లల తల్లి.

నిన్న ఊది చూశాను. నలభై రోజులు దాటాయి, బొచ్చు కుదిరింది. ముందు చేతకాలేదు, ఊపిరి అందలేదు, భయానికి. మీ అన్నయ్యగారు నేను ఊదుతానన్నారు, వద్దన్నాను. నాన్న చెప్పినట్టు వెన్ను మీద, ఎదురు బొచ్చుకి, నెమ్మదిగా ఊదాను. అడుగున నీలం, మధ్యలో తెలుపు, కొసన నలుపు. మొదటిదానికీ ఉన్నాయి. రెండోదానికీ ఉన్నాయి. మూడోదానికి చూసేసరికి నాకు కళ్ళు మసకేశాయి, మీ అన్నయ్యగారే చూసి ఉన్నాయన్నారు. నాలుగోదానికి మధ్య తెలుపు కొంచెం సన్నం. దాన్ని బుల్లబ్బాయి అడుగుతున్నాడు, వాడి తెల్లవాటి మధ్య అందంగా ఉంటుందట. నాన్న అయితే ఇచ్చేసేవాడు. నేను ఇవ్వలేదు.

ఇద్దరు పోతులు, ఇద్దరు పెంటిలు అనుకుంటున్నాను. ఒక్కోసారి ముగ్గురు పోతులు అనిపిస్తోంది. తమ్ముడొచ్చి చూసి చెప్పాలి. ఒక జత మీకు. ఖాళీ గూటికి నీళ్ళు మార్చడం చూసేవాళ్ళకి బాగుండదు.

వచ్చే శుక్రవారం మా తీర్థం. మీరిద్దరూ రావాలి. బొట్టు పెట్టి పిలవడానికి నేనే రావాలి గానీ, పిల్లల్ని వదిలి వంతెన దాటలేను. అందుకని పొట్లం పెడుతున్నాను. ఇది నువ్వు పంపిన కుంకుమలోంచి మిగిల్చిందే.

పిల్లలు నిలిస్తే కొండెక్కి కొబ్బరికాయ కొడతానని స్వామికి మొక్కుకున్నాను. మీరు వచ్చే వేళకి పైనే ఉంటానేమో, జనంలో ఎంతసేపు పడుతుందో తెలియదు. తాళం వేయాలంటే ఇంకా భయమే, అయినా వేస్తాను. గూడు వీధరుగు మీదే ఉంటుంది. మేం కనబడకపోతే వెనక్కి వెళ్ళిపోకండి. పాపాయికి బొట్టు పెట్టి, అరుగు మీద కూర్చోండి. దిగి వచ్చి చూస్తే నాకు తెలుస్తుంది.

తమలపాకులు మాత్రం పెట్టకు.

అచ్చాయమ్మ